గాలి లెక్క

పాలమూరుకు, నల్లగొండకు నడుమ
టిమ్ము మిషన్ల నూటా అరవై ఎనిమిది కిలోమీటర్లు.
ఈ రెండు ఊర్లల్ల ఏడా విమానం దిగదు.
అయినా గాలిదారిల ఎంతుంటదో నాకెరుకే.
నూట ముప్పై తొమ్మిది.
గౌసుమియా స్కూలు అట్లాసు మీద దారం పట్టి కొలిచిండు,
కొసను పంటితోని కొరికి.

వారానికి రెండుమాట్ల నాకు నైటవుటు.
పోయేటప్పుడు నా సీటు కింద వెదురుబుట్ట,
బుట్టల ఆయన పావురం.
జంగయ్య డ్రైవరు అద్దంల నుంచి నవ్వుతడు:
"మొగదైతే టికెట్ కొట్టు మేడం,
ఆడదైతే ఆధారు చూపియ్యమను."
ఆడదే.
కాలికి అల్యూమినియం రింగు, దాని మీద నంబరు.
ఆధారంటే ఇంకేముంటది?

తెల్లారి ఆరింటికి
పాలమూరు బస్టాండు ఎనక బుట్ట మూత తీస్త.
రెండు చేతుల నడుమ దాని గుండె
అప్పటికే సగం దూరం పోయినట్టు కొట్టుకుంటది.
ఇడిస్తే టీ హోటలు పొగ మీంచి లేస్తది,
ఒక సుట్టు, ఇంకో సుట్టు,
పొద్దు ఎటు పొడుస్తుందో చూసుకొని
తూర్పు పడుతది.

మాకు అట్ల నడువదు.
జడ్చర్ల. మిడ్జిల్. కల్వకుర్తిల చాయికి పది నిమిషాలు.
దేవరకొండల దిగేటోళ్లకంటె ఎక్కేటోళ్లు ఎక్కువ.
కొంగుల మేకపిల్లను దాసుకున్న ముసలామె
అది అరిచినప్పుడల్లా తనే దగ్గుతది.
మల్లేపల్లి దాకా చిల్లర పంచాయితీ.
మొన్నొక పిలగాడు
ట్రాలీ బ్యాగు ఒళ్లె పెట్టుకొని లెక్క చెప్పిండు,
బొంబాయి నుంచి శంషాబాదుకు గంటన్నరనట,
శంషాబాదు నుంచి వాళ్ల తండాకు ఆరు గంటలు,
ఇంకా రాలేదు.

మేము కల్వకుర్తి దాటి ఎంతో దూరం పోకముందే
అది లతీఫ్ సాబ్ గుట్టను సుట్టి
గౌసుమియా డాబా మీద దిగుతది.
రెండు గంటల పది నిమిషాలు.
ఎదురుగాలైతే ఇంకో అరగంట.
సైకిల్ దుకాణం పద్దుల పుస్తకంల
పంక్చర్ల బాకీల కింద
ఎర్రపెన్నుతోని టైము రాస్తడు.

గోడవతల మా ఇల్లు.
యాదగిరి మిషను తొక్కుడు ఆపి రెక్కల సప్పుడు వింటడు.
పావురం దిగిందంటే నేను బయల్దేరిన్నని.
అప్పటిసంది రెండున్నర గంటలు చూసి
ఎసరు పెడ్తడు.
నేను చెప్పులు ఇడిసేసరికి
గంజి వంపిన వాసన.

ఆషాఢంల ఒకనాడు
పాలమూరు మీద మబ్బు మూత పెట్టినట్టుండె.
ఇడువాల్నా వద్దా అనుకుంటనే ఇడిసిన.
పదకొండుంబావుకు ఇంట్ల అడుగు పెడితే
పొయ్యి సల్లగుంది.
యాదగిరి మిషను ముందలనే ఉన్నడు,
సూది బట్ట దాటిపోయి
ఉత్త చెక్క మీద పోట్లు పొడిచి ఆగింది.
"పావురం రాలే గద," అన్నడు,
"నువ్వు రావనుకున్న."
నేను ఎదురుంగనే నిలబడి ఉన్న,
భుజానికి క్యాష్ బ్యాగుతోని.
ఫోనున్నది గద అంటే
అది యాదికే రాలేదన్నడు.
గౌసుమియా గోడ మీద గడ్డం ఆనించి
మా ఇద్దరి మాటలు వింటుండె.
ఏమీ అనలే.
పుస్తకంల ఆ తారీఖు రాసి పక్కన జాగ ఇడిసిపెట్టిండు.

పదకొండు రోజులకు వచ్చింది,
పొద్దున పదింటికి,
తోకల రెండు ఈకలు లేక.
ఎర్రపెన్నుతోని రాసిండు:
పదకొండు రోజుల నాలుగు గంటలు.
నూట ముప్పై తొమ్మిదిని దాంతోని భాగించబోయి
పెన్ను మూత పెట్టి
మూకుడుల నీళ్లు పోసుకొచ్చిండు.

ఆనాడు నాకు వీక్లీ ఆఫు.
పొద్దుగాలనుంచి ఇంట్లనే ఉన్న,
బట్టలు పిండిన, జొన్నరొట్టెలు చేసిన.
పన్నెండున్నరకు
యాదగిరి మిషను కాడినుంచి లేచి
బియ్యం కడిగి
ఎసరు పెట్టిండు.